ఎంపీహెచ్ రెండో సెమిస్టర్: స్పానిష్ తీసుకోనా, సాస్ తీసుకోనా?

బెజవాడ_బీడీఎస్ | హ్యూస్టన్ | జనవరి 8, రాత్రి 10:42

అందరికీ నమస్తే. ఏడాదిగా మీ చర్చలు చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదలు. విజయవాడలో బీడీఎస్ చేసి, రెండేళ్లు పళ్లు పీకి, ఇప్పుడిక్కడ ఎంపీహెచ్ (పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్) చేస్తున్నాను. ఈ నెల పదిహేనులోపు ఒక ఎలెక్టివ్ తేల్చుకోవాలి. ఒకవైపు సాస్ ప్రోగ్రామింగ్ (డేటా విశ్లేషించే సాఫ్ట్‌వేర్), ఇంకోవైపు ఆరోగ్యరంగం వాళ్ల కోసం పెట్టిన స్పానిష్. రెండూ మూడేసి క్రెడిట్లే. మా అడ్వైజర్ స్పానిష్ తీసుకో అంటోంది. రూమ్మేట్లేమో "ఇంత ఫీజు కట్టి అఆలు దిద్దుతావా" అని నవ్వుతున్నారు. నాన్నకి ఫోన్లో చెబితే "స్పెయిన్ ఎప్పుడు వెళ్తున్నావమ్మా?" అన్నారు.

నాకు ఎందుకీ ఊగిసలాటంటే, అక్టోబర్లో ఒక చర్చి ఆవరణలో హెల్త్ ఫెయిర్ జరిగింది. నన్ను బీపీ టేబుల్ దగ్గర కూర్చోబెట్టారు. అరవై దాటిన ఒకావిడ వచ్చింది. 178/104. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ చూశాను, దాదాపు అంతే. ఇంటర్‌ప్రెటర్ అవతల టేబుల్లో ఇరుక్కుపోయింది. నాకొచ్చిన ముక్క ఒక్కటే, "ఆల్తా, ఆల్తా", ఎక్కువుంది, ఎక్కువుంది అని. ఆవిడ నా చెయ్యి నిమిరి "గ్రాసియాస్, మిహా" అని, టేబుల్ మీది ఉచిత టూత్‌బ్రష్ ఒకటి తీసుకుని వెళ్లిపోయింది. మిహా అంటే "తల్లీ" లాంటి మాటని తర్వాత తెలిసింది. ఆవిడ డాక్టర్ దగ్గరికి వెళ్లిందో లేదో ఇప్పటికీ తెలీదు.

కానీ నేను ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నాను, అప్పు ఉంది. ఉద్యోగం వైపు నుంచి కూడా చూసి చెప్పండి.

---

కరీంనగర్_డేటా | న్యూజెర్సీ | జనవరి 8, రాత్రి 11:15

సాస్ తీస్కో. ఏమనుకోకు చెల్లే, ఉన్నది ఉన్నట్టు చెప్తున్న. పబ్లిక్ హెల్త్ జాబుల్ల మనోళ్లు నిలబడేదే డేటా మీద. ఎపిడెమియాలజీ, బయోస్టాటిస్టిక్స్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ కోర్సుల) జాబితాల ఉన్నయ్, ఓపీటీ, అంటే చదువైనంక పనిచేసుకునే పర్మిషన్, ఏడాది అయినంక ఇంకో 24 నెలలు దొరుకుతది. జనరల్ ఎంపీహెచ్ అయితే నీ ఐ-20 (కాలేజీ ఇచ్చిన వీసా కాగితం) మీద ఏ కోడ్ ఉన్నదో ముందుగాల అది చూస్కో. స్పానిష్ ఇంట్ల కూసొని యాప్‌ల నేర్చుకోవచ్చు. మూడు క్రెడిట్ల పైసలు పెట్టి ఎందుకు?

ఆ పెద్దమ్మ సంగతి విని బాధైంది గానీ, దానికి ఇంటర్‌ప్రెటర్లను ఎక్కువ పెట్టాలె. నువ్వు భాష నేర్చుకునుడు కాదు మందు.

---

సంధ్య_ఆర్ఎన్ | డాలస్ | జనవరి 9, ఉదయం 6:50

నైట్ డ్యూటీ దిగి రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

కరీంనగర్ అన్నా, యాప్‌లో నేర్చుకోమన్నారే, ఆ యాప్ నాకు నేర్పింది "ఆ అబ్బాయి ఆపిల్ తింటున్నాడు". పద్నాలుగేళ్ల నర్సు ఉద్యోగంలో ఆ వాక్యం ఒక్కసారీ అవసరం పడలేదు.

పడిందేంటో చెప్తా. ఒకాయనకి కొత్తగా బీపీ మందు రాసి పంపారు. సీసా మీద ఇంగ్లీషులో రోజుకి "వన్స్" అని ఉంది. అక్షరాలు చూస్తే ఓ, ఎన్, సీ, ఈ. స్పానిష్‌లో అవే నాలుగు అక్షరాలు "ఓన్సే" అని చదువుతారు. ఓన్సే అంటే పదకొండు! ఆయన రెండో రోజే కళ్లు తిరిగి పడిపోయి వచ్చాడు. నయం, పదకొండూ మింగలేదు, నాలుగుతో ఆగాడు, "ఇన్ని మింగలేకపోతున్నాను" అని మాకే క్షమాపణ చెప్పుకున్నాడు. డిశ్చార్జి రోజు "అర్థమైందా?" అని అడిగితే "సీ, సీ" అన్నాడట. మా అమ్మమ్మ కూడా డాక్టరేం చెప్పినా "ఆఁ ఆఁ, అలాగే బాబూ" అనేది, ఇంటికొచ్చాక "ఏమన్నాడే?" అని నన్నడిగేది.

అప్పట్నుంచి నేను "అర్థమైందా" అని అడగడం మానేశా. సీసా చేతికిచ్చి "రేపొద్దున ఎలా వేసుకుంటారో నాకు చూపించండి" అంటాను. ఈ ఒక్క వాక్యం స్పానిష్‌లో చక్కగా నేర్చుకో చెల్లీ, మూడు క్రెడిట్ల డబ్బు అక్కడే తీరిపోతుంది. చాలాచోట్ల పరీక్ష పాసైన ద్విభాషా సిబ్బందికి జీతంలో కొంత అదనం కూడా ఇస్తారు, పెద్ద మొత్తమేం కాదు.

---

కరీంనగర్_డేటా | న్యూజెర్సీ | జనవరి 9, ఉదయం 9:05

అక్కా, మీ కథ మంచిగున్నది. గాని ఇప్పుడు ఫోన్ల మూడు సెకండ్లల తర్జుమా అయితుంది. ఆస్పత్రులల్ల వీడియో ఇంటర్‌ప్రెటర్ బండి ఉంటది. పైంగ 2025 మార్చిల ఇంగ్లీషే అధికార భాష అని ఆర్డర్ ఇచ్చిన్రు. రేపు ఈ స్పానిష్ పోస్టులకు పైసలు ఉంటయా?

---

పద్మ_దుభాషి | ఇల్లినాయిస్ | జనవరి 9, మధ్యాహ్నం 1:30

నా పనే ఇది కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి. తెలుగు, హిందీలకి ఫోన్లో మెడికల్ ఇంటర్‌ప్రెటింగ్ చేస్తాను, తొమ్మిదేళ్లుగా.

ముందు ఆ ఆర్డర్ సంగతి. 2025లో రద్దయింది, ఇంగ్లీషు రానివాళ్లకి భాషాసాయం ఇవ్వాలన్న 2000 నాటి అధ్యక్షుడి ఉత్తర్వు. ఆ సాయానికి ఆధారమైన చట్టాలు రద్దు కాలేదు. 1964 పౌరహక్కుల చట్టంలో ఆరో అధ్యాయం అలాగే ఉంది, 2010 ఆరోగ్య చట్టంలో 1557వ సెక్షనూ అలాగే ఉంది. ఆ సెక్షన్ కింద 2024లో వచ్చిన నియమాల్లో కరీంనగర్ గారి ఫోన్ గురించి కూడా ఉంది. ముఖ్యమైన వైద్య సమాచారాన్ని యంత్రం తర్జుమా చేస్తే, అర్హత ఉన్న మనిషి దాన్ని సరిచూడాలి. ఎందుకో వర్జీనియా వాళ్లకి తెలుసు. 2021 జనవరిలో ఆ రాష్ట్ర ఆరోగ్యశాఖ వెబ్‌సైట్లో కోవిడ్ టీకా "తప్పనిసరి కాదు" అన్న మాట యంత్రం చేతిలో పడి స్పానిష్‌లో "అవసరం లేదు" అయి కూర్చుంది. టీకా వేయించుకోండని ఊరంతా మొత్తుకుంటున్న రోజులవి.

ఇంకొకటి, మా శిక్షణలో మొదటి రోజే చెప్పే కేసు. 1980, ఫ్లోరిడా. విల్లీ రామిరెజ్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడు, బేస్‌బాల్ ఆడేవాడు, స్పృహ లేకుండా ఆస్పత్రికి వచ్చాడు. ఇంట్లోవాళ్లది క్యూబా స్పానిష్. "ఇంతోక్సికాదో" అన్నారు. వాళ్ల వాడుకలో దానర్థం తిన్నదేదో పడలేదు, ఒంటికి విషమైంది అని. డాక్టర్లకి వినపడింది ఇంగ్లీషు "ఇంటాక్సికేటెడ్". మాదకద్రవ్యాలు ఎక్కువయ్యాయనుకుని ఆ వైద్యమే నడిపారు. తీరా మెదడులో రక్తం కారుతోంది. బతికాడు గానీ రెండు కాళ్లూ రెండు చేతులూ పడిపోయాయి. పరిహారం దాదాపు 7 కోట్ల 10 లక్షల డాలర్లు.

ఇక్కడ గమనించాల్సిందేంటంటే, ఆ రోజు ఎవరూ ఇంటర్‌ప్రెటర్ని పిలవలేదు. ఎందుకు పిలవలేదు? ఇరువైపులా అర్థమైపోయిందనుకున్నారు కాబట్టి. అసలేమీ రానివాడు భయపడి నన్ను పిలుస్తాడమ్మా. వచ్చీరానివాడు పిలవడు. ఆ క్లాసులో చేరితే మొదట ఇదే అడుగు, ఎక్కడ ఆగి పిలవాలో నేర్పుతారా లేదా అని.

మన భాష సంగతే చూడండి. "కళ్లు తిరుగుతున్నాయి" అంటుంది పెద్దావిడ, ఫోన్లో పక్కనున్న మనవడు కనుగుడ్లు గుండ్రంగా తిరుగుతున్నాయని ఇంగ్లీషులో చెప్తాడు, డాక్టరు టార్చి తీస్తాడు. "వేడి చేసింది" అంటే జ్వరం అని చెప్పేస్తారు. "నీరసం"కి నేనే ఇప్పటికీ తడుముకుంటాను. పిల్లల చేత తర్జుమా చేయించకూడదని, అత్యవసరమైతే తప్ప, ఆ 1557 నియమాల్లోనే ఉంది.

మరో మాట. స్పానిష్ వస్తే లాటిన్ అమెరికా నుంచి వచ్చినవాళ్లందరితో మాట్లాడొచ్చనుకోవద్దు. గ్వాటెమాలా కొండల నుంచి వచ్చిన తల్లులు చాలామంది మామ్, కిచే లాంటి మాయా భాషలు మాట్లాడతారు. కాలిఫోర్నియా తోటల్లో మిష్తెకో వాళ్లున్నారు. స్పానిష్‌లో అడిగితే "సీ" అంటారు, మర్యాదకి. మన ఆదిలాబాద్ గోండు అవ్వని తెలుగులో అడిగినట్టే.

---

ఫ్రిస్కో_నాన్న | టెక్సస్ | జనవరి 9, రాత్రి 8:12

ఇదే సందులో నాదొక సందేహం, మన్నించాలి. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది, డిగ్రీ రెండో ఏడు. డాక్టరవుతుందని మేం ఆశపడుతుంటే పబ్లిక్ హెల్త్ మేజర్, స్పానిష్ మైనర్ అని కూర్చుంది. బయాలజీ వదిలేసిందేమోనని వాళ్లమ్మ మూడు రోజులు అన్నం తినలేదు (రెండు పూటలు, నిజం చెప్పాలంటే). మెడికల్ స్కూల్లో సీటుకి ఇది పనికొస్తుందా? తెలుగు మాట్లాడవే అంటే పొడి పొడిగా మాట్లాడుతుంది, స్పానిష్ మాత్రం గడగడా వస్తుందట. కడుపు మండదా చెప్పండి.

---

వ్యాలీ_డాక్టర్ | రియో గ్రాండే వ్యాలీ, టెక్సస్ | జనవరి 10, ఉదయం 5:20

ఫ్రిస్కో గారూ, ముందు మీ భయం తీరుస్తా. మెడికల్ స్కూళ్లు మేజర్ ఏదని పట్టించుకోవు. కెమిస్ట్రీ, బయాలజీ, ఫిజిక్స్ లాంటి ముందస్తు కోర్సులు పూర్తయ్యాయా, ఎంక్యాట్ ప్రవేశపరీక్షలో మార్కెంత, ఇవీ చూసేవి. పబ్లిక్ హెల్త్ మేజర్‌తో అవన్నీ చేసుకోవచ్చు. మైనర్ ఒక్కదానికే సీటు ఇవ్వరు. దరఖాస్తులో "ధారాళంగా వచ్చు" అని రాస్తే మాత్రం ఇంటర్వ్యూలో ఎవరో ఒకరు స్పానిష్‌లోనే మొదలుపెడతారు, అమ్మాయికి ముందే చెప్పండి.

ఇక నా కథ. కాకినాడలో ఎంబీబీఎస్, ఇక్కడ చలి ప్రాంతంలో రెసిడెన్సీ, తర్వాత జే-1 వేవర్ మీద ఇక్కడికొచ్చా. మూడేళ్లు డాక్టర్లు తక్కువున్న చోట పనిచేయాలన్న షరతు కదా, పూర్తిచేసుకుని పోదామనుకున్నా. పదకొండో ఏడు నడుస్తోంది. మా హిడాల్గో కౌంటీలో పదిమందిలో తొమ్మిదిమంది హిస్పానిక్‌లే. వచ్చిన మొదటి వారం నాకు స్పానిష్ సున్నా.

భాష మనకి కష్టం కాదు, నమ్మండి. ఇంగ్లీషువాళ్లు తల బద్దలుకొట్టుకునే చోట మనకి నల్లేరు మీద నడక. "నాకు తలనొప్పిగా ఉంది" అంటామే, వాళ్లూ "మే దుయేలే లా కబేసా" అంటారు, "నాకు నొప్పిపెడుతోంది తల" అని. "నాకు ఇష్టం" అన్నా అదే తీరు. నువ్వు-మీరు తేడా తూ-ఉస్తేద్. పెద్దవాళ్లని తూ అంటే వాళ్లేమీ అనరు, మనసులో పెట్టుకుంటారు. షుగర్ జబ్బుని "అసూకర్" అంటారు, చక్కెరని. "తెంగో అసూకర్" అని పేషెంటు అన్న రోజు మా నాయనమ్మ గుర్తొచ్చింది, ఆవిడా "నాకు చక్కెరుంది బాబూ" అనేది. బాలింతకి నలభై రోజులు పథ్యం, చల్లవి పెట్టకపోవడం, తలకి గుడ్డ, అన్నీ ఉన్నాయి, దాన్ని క్వరెంతేనా అంటారు. దిష్టి? "మాల్ దె ఓహో". పసిబిడ్డ ఏడుపు ఆపకపోతే కోడిగుడ్డు ఒళ్లంతా దిగదుడిచి నీళ్లగ్లాసులో పగలగొట్టి చూస్తారు. మా అమ్మ ఇక్కడికొచ్చినప్పుడు పక్కింటావిడతో ఉప్పు-గుడ్డు వాదన పెట్టుకుంది, ఏది బాగా పనిచేస్తుందని. ఇద్దరి మధ్య ఒక్క ఉమ్మడి మాట లేదు, గంటన్నర మాట్లాడుకున్నారు.

తప్పులు కూడా చెప్పాలిగా. వయసు అడగాలంటే "క్వాంతోస్ ఆన్యోస్ తియేనె". ఆ "న్యో"లో యకారం స్పష్టంగా పలకాలి. నేను ఆరు నెలలపాటు "ఆనోస్" అంటూ వచ్చా. ఆనో అంటే గుదము. మీకు ఎన్ని ఉన్నాయండీ అని ఊళ్లో పెద్దమనుషులందర్నీ అడిగేశా. ఒక్కరూ నవ్వలేదు, అందరూ వయసే చెప్పారు. ఆ మర్యాదకి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అది నవ్వులాట. ఇది కాదు: ఒకావిడ "కన్‌స్తిపాదా" అంది. మలబద్ధకం అనుకుని విరేచనం అయ్యే మందు రాయబోయా. మా మెడికల్ అసిస్టెంట్ గొంతు సవరించుకుని "డాక్టర్, ఆవిడకి ముక్కు దిబ్బడ" అంది. ఆ మాటకి చాలా ఊళ్లలో జలుబని అర్థం. కొన్నిచోట్ల మలబద్ధకమే. పద్మ గారన్న వచ్చీరానివాణ్ణి నేనే అన్నమాట. ఆ తర్వాత నాలుగేళ్లు నా స్పానిష్‌ని పలకరింపులకి, పొట్ట నొక్కి ఇక్కడా అక్కడా అనడానికి మాత్రమే వాడి, సమ్మతి పత్రాలకీ మందుల మార్పులకీ ఇంటర్‌ప్రెటర్నే పిలిచేవాణ్ణి. పరీక్ష రాసి పాసయ్యాకే సొంతంగా మొదలెట్టా.

---

తార్నాక_స్పానిష్ | హైదరాబాద్ | జనవరి 10, మధ్యాహ్నం 12:40 (ఇండియా)

ఇఫ్లూలో స్పానిష్ చదువుకున్నాను, ఇప్పుడు పిల్లలకి చెప్తున్నాను. ఉచ్చారణ మీద రెండు ముక్కలు. త, ద అని పలకండి, ట, డ అనకండి. ఇంగ్లీషు అలవాటుతో మనవాళ్లు "డోలోర్" అంటారు, అది "దొలోర్", నొప్పి అని. నాలుక పళ్లకి తగలాలి. ఇక ర. "పేరో" అంటే "కానీ", "పెర్రో" అంటే కుక్క. మనకొకప్పుడు బండి ఱ ఉండేది గుర్తుందా? బడిలో వదిలేసిన ఆ ఱ ని అటకమీంచి దింపుకోండి, దుమ్ము దులిపి ఇంకాస్త గట్టిగా వాడండి.

ఇండియాలో ఉండి వెళ్లబోయేవాళ్లకి: ముందే ఇక్కడ మొదలుపెట్టుకుంటే అక్కడ నేరుగా వైద్యం తాలూకు క్లాసులో కూర్చోవచ్చు.

---

కవిటి_కొబ్బరి | మసాచుసెట్స్ | జనవరి 11, రాత్రి 9:55

మాది శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర పల్లె. ఉద్దానం అంటే అందరికీ తెలిసే ఉంటుంది. కొబ్బరి, జీడిమామిడి, కిడ్నీ జబ్బు. మా పెదనాన్న, ఆయన తమ్ముడు, మా బడి హెడ్మాస్టరు, వరసగా పోయారు. షుగరు లేదు, బీపీ లేదు, కిడ్నీలు మాత్రం ఎండిపోయాయి. ఆ కారణం వెతుకుదామనే ఎపిడెమియాలజీలో పడ్డాను.

స్పానిష్ నాకెక్కడ తగిలిందంటే, ఇక్కడికొచ్చిన మొదటి ఏడు మా ప్రొఫెసర్ నికరాగ్వా పసిఫిక్ తీరంలోని చిచిగాల్పా గురించి చెప్పాడు. చెరకు కొట్టే కూలీలు, ముప్పై నలభై ఏళ్ల మగవాళ్లు, షుగర్ లేదు, బీపీ లేదు, కిడ్నీలు పోతున్నాయి. అక్కడొక వాడకి లా ఇస్లా అని పేరు. జనం దాన్ని విధవల దీవి అంటారు. క్లాసులో కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే ఉండిపోయాను. మా వీధి గురించి ఎవడో పరాయి భాషలో చెప్తున్నట్టుంది.

ఎల్ సాల్వడార్ డాక్టర్లు 2002లో దీన్ని మొదట పత్రికకెక్కించారు. పాన్ అమెరికన్ హెల్త్ ఆర్గనైజేషన్ జర్నల్లో, స్పానిష్‌లో. ఇంగ్లీషు పేపర్లు తర్వాత గుట్టలుగా వచ్చాయి గానీ, ఆ తొలి పేపరు, ఊళ్లలో ఆరోగ్య కార్యకర్తలు రాసుకున్న రిపోర్టులు, కూలీల మాటలు, స్పానిష్‌లోనే ఉన్నాయి. నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను, ఒక్కో పేజీకి ఒక రాత్రి. నాకు మాట్లాడ్డం రాదు ఇప్పటికీ. చదవడం వచ్చు. ఆ పని వేరు, ఈ పని వేరు. చెల్లీ, నువ్వు తేల్చుకోవాల్సింది సాసా స్పానిషా అని కాదు, మాట్లాడ్డానికా చదవడానికా అని.

రెండూ ఒకటే జబ్బని నేననను. అక్కడ ఎండలో చెరకు నరికే మగవాళ్లు ఎక్కువ, మా దగ్గర ఆడవాళ్లకీ ఉంది, నీడనున్నవాళ్లకీ ఉంది. మాకు నీళ్ల మీద అనుమానం, వాళ్లకి ఎండ మీద, ఒంట్లో నీరు ఆవిరైపోవడం మీద. రెండు చోట్లా చివరి మాట ఇంకా తేలలేదు. కానీ అక్కడ తేలేదాకా ఆగకుండా "ఆగ్వా, సోంబ్రా, దెస్కాన్సో" అని పొలాల్లో మొదలెట్టారు. నీళ్లు, నీడ, విరామం. గుడారం వేసి, గంట చూసి, కూర్చోబెట్టి నీళ్లు తాగించడం. పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి 2023 డిసెంబర్లో తెరిచారు, మంచిదే. అది జబ్బు వచ్చినవాడికి. నేను మా ఊరెళ్లినప్పుడు ఈ మూడు మాటలూ మా చిన్నాన్నకి చెప్తే "మనకి నీడకేం తక్కువ, కొబ్బరితోట కదరా, నీళ్ల సంగతి చెప్పు" అన్నాడు. ఆయనన్నదీ నిజమే.

---

కరీంనగర్_డేటా | న్యూజెర్సీ | జనవరి 11, రాత్రి 10:30

కవిటి అన్నా, దండం. నేనేం అంటలే ఇగ.

కాని చెల్లే, స్టెమ్ కోడ్ సంగతి మాత్రం చూస్కో. అది మాత్రం ఇడ్వ.

---

బెజవాడ_బీడీఎస్ | హ్యూస్టన్ | జనవరి 14, రాత్రి 11:48

గడువుకి పన్నెండు నిమిషాల ముందు... స్పానిష్ తీసుకున్నా. కరీంనగర్ అన్నా, కోడ్ చూశాను, ఎపిడెమియాలజీ ట్రాకే, స్టెమ్‌లో ఉంది. సాస్ వేసవిలో తీసుకుంటా. ఈ సెమిస్టర్లో ప్రాక్టికం కూడా ఉంది, పిల్లల రక్తంలో సీసం మీద ఒక క్లినిక్‌తో. కాలేజీలో విదేశీ విద్యార్థుల ఆఫీసు దగ్గర సీపీటీ (చదువులో భాగంగా పనిచేసే అనుమతి) అడిగి పెట్టుకున్నా. వివరంగా మళ్లీ రాస్తాను.

---

బెజవాడ_బీడీఎస్ | హ్యూస్టన్ | ఏప్రిల్ 26, సాయంత్రం 6:15

మళ్లీ రాస్తానని మూడు నెలలు మాయమైపోయాను, తిట్టుకోకండి.

క్లాసు గురించి తక్కువ చెప్తా. మొదటి నెల రోట్లో వేసి నూరినట్టే: ఒళ్లు, నొప్పి, ఎప్పట్నుంచి, ఎంతసేపటికోసారి. వ్యాలీ డాక్టర్ గారన్న "నాకు నొప్పి" వాక్యం మా క్లాసులో అందరికంటే ముందు నాకు పట్టుబడింది. ఱ ఇంకా రాలేదు. సంధ్యక్కా, మీ "నాకు చూపించండి" వాక్యం గోడకి అంటించుకున్నా.

ప్రాక్టికం గురించి చెప్పాలి. ఇళ్లకి వెళ్లేది ప్రొమోతోరాలతో. అంటే ఆ వాడలోని ఆడవాళ్లే, ఆరోగ్య కార్యకర్తలుగా పనిచేస్తారు. మన ఆశా వర్కర్లు గుర్తొస్తారు గానీ, టెక్సస్‌లో వీళ్లకి రాష్ట్రం సర్టిఫికెట్ ఇస్తుంది, 160 గంటల శిక్షణ ఉంటుంది. నాతో వచ్చినావిడకి యాభై దాటాయి. ఆవిడ నన్ను దోక్తోరా అంటుంది, కాదంటే వినదు.

మార్చిలో ఒక ఇల్లు. మూడేళ్ల బాబు, డెసిలీటరు రక్తంలో సీసం 11 మైక్రోగ్రాములు. ఆందోళన పడాల్సిన గీత 3.5 అని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2021లో పెట్టింది, దానికి మూడింతలు. నా చేతిలో ప్రశ్నపత్రం. పాత పెయింటు ఉందా? లేదు, ఇల్లు కొత్తదే. తండ్రి బ్యాటరీల పనా? కాదు. నాటు మందులు వాడతారా? లేదు. సీసం పూత ఉన్న మట్టిపాత్రలు వాడతారా? లేదు. ఈ ప్రశ్నలన్నీ శుభ్రమైన స్పానిష్‌లో నేనే చదివాను, ఉచ్చారణ బాగుందని ఆ తల్లి మెచ్చుకుంది కూడా. అన్నిటికీ "నో". కాగితం పూర్తయిపోయింది.

మా ప్రొమోతోరా అప్పటిదాకా మాట్లాడలేదు. లేచి వంటింటి వైపు చూసి "ఎంత కమ్మటి వాసనో, ఫ్రిహోలెస్ దేంట్లో ఉడికిస్తావమ్మా?" అంది. ఫ్రిహోలెస్ అంటే వాళ్ల చిక్కుడు గింజలు, మన పప్పులాగా రోజూ ఉండాల్సిందే. ఆ తల్లి మొహం వెలిగిపోయింది. లోపలికెళ్లి రెండు చేతులతో పట్టుకుని ఒక కుండ తెచ్చింది. ఎర్రమట్టి, లోపల తేనెరంగు పూత అద్దంలా మెరుస్తోంది, అంచు దగ్గర పెచ్చు లేచి ఉంది. వాళ్లమ్మమ్మది, మెక్సికో నుంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చుకుందట. ఆ కుండలో వండితేనే రుచి అట.

ఆవిడ అబద్ధం చెప్పలేదు. "సీసం పూత ఉన్న మట్టిపాత్ర" అనేది ఆవిడ ఇంట్లో లేదు. అమ్మమ్మ కుండ ఉంది.

కుండ మీద పరీక్ష చేశారు, సీసం ఉంది. దాన్ని పారేయమని ప్రొమోతోరా అనలేదు. పొయ్యి మీంచి దించి గూట్లో పెట్టు, పువ్వులు పెట్టుకో, వంట స్టీలు గిన్నెలో చెయ్యి అంది. ఆ మాటలు నాకు సగమే అర్థమయ్యాయి, మిగతా సగం కార్లో చెప్పించుకున్నా. కవిటి అన్నా, ఆ ప్రశ్నని మా ఫారంలో మార్పించాం. ఇప్పుడు "చిక్కుడు గింజలు దేంట్లో వండుతారు, చూడొచ్చా" అని ఉంది. నా పేరు మీద ఈ సెమిస్టర్‌లో జరిగిన పని అదొక్కటే.

ఆ రాత్రి అమ్మకి వీడియో కాల్ చేసి మన వంటింట్లో గిన్నెలన్నీ చూపించమన్నా. "పిచ్చి పట్టిందా" అని తిడుతూనే చూపించింది.

---

సంధ్య_ఆర్ఎన్ | డాలస్ | ఏప్రిల్ 26, రాత్రి 7:40

ఆ గూట్లో పెట్టమన్నమాట... నేనైతే పారేయమనేదాన్ని చెల్లీ. పారేయమంటే మీరు వెళ్లగానే మళ్లీ పొయ్యెక్కేది.

---

పద్మ_దుభాషి | ఇల్లినాయిస్ | ఏప్రిల్ 26, రాత్రి 8:05

సగమే అర్థమైందని ఒప్పుకుని కార్లో అడిగావు చూడు, నాకు అది నచ్చింది. మెడికల్ ఇంటర్‌ప్రెటర్ సర్టిఫికెట్ పరీక్షకి 40 గంటల శిక్షణ ఉండాలి, స్పానిష్‌లో నోటి పరీక్ష ఉంది. తెలుగుకి ఇంకా లేదు, ఇంగ్లీషులో రాసే పరీక్షతో సరిపెట్టుకోవాలి. ముందు స్పానిష్‌లో రాయి.

---

ఫ్రిస్కో_నాన్న | టెక్సస్ | ఏప్రిల్ 26, రాత్రి 9:20

అమ్మా, మా ఇంట్లో హిండాలియం గిన్నె ఒకటుంది. మా అత్తగారు తెచ్చింది, పాతికేళ్ల నాటిది. పప్పు అందులోనే. మా చిన్నవాడికి నాలుగేళ్లు. ఇప్పుడేం చెయ్యమంటావు?

---

బెజవాడ_బీడీఎస్ | హ్యూస్టన్ | ఏప్రిల్ 26, రాత్రి 9:26

అంకుల్, ఈ రాత్రికే దించేయండి. ఇండియా నుంచి వచ్చే కొన్ని అల్యూమినియం, ఇత్తడి, హిండాలియం పాత్రల్లోంచి సీసం వంటలోకి దిగుతోందని ఎఫ్‌డీఏ 2025 ఆగస్టులో హెచ్చరించింది. మీ గిన్నెలో ఉందో లేదో చూసి చెప్పలేం. సోమవారం బాబుని పీడియాట్రిషన్ దగ్గరికి తీసుకెళ్లి రక్తంలో సీసం పరీక్ష అడగండి, వేలి చుక్క చాలు, ఎక్కువొస్తే నరం నుంచి తీసి మళ్లీ చూస్తారు. ఎందుకని అడిగితే గిన్నె ఫోటో చూపించండి. ఇంట్లో కాటుక, సింధూరం, ఇండియా నుంచి విడిగా తెచ్చిన పసుపు ఉంటే అవి కూడా చెప్పండి, వాళ్ల ఫారంలో ఆ ప్రశ్న ఉండకపోవచ్చు.

---

ఫ్రిస్కో_నాన్న | టెక్సస్ | ఏప్రిల్ 26, రాత్రి 9:41

దించేశాం. మా ఆవిడ అడుగుతోంది, మొక్క పెట్టుకోవచ్చా అని.

---

బెజవాడ_బీడీఎస్ | హ్యూస్టన్ | ఏప్రిల్ 26, రాత్రి 9:43

పూలమొక్కైతే పెట్టుకోండి ఆంటీ. కొత్తిమీర మాత్రం వద్దు.